ఖాళీ దీవులని ఎవరన్నారు?



పాత 20 రూపాయల నోటు వెనక బొమ్మ గుర్తుందా? కొబ్బరి చెట్లు, సముద్రం, అవతల పచ్చటి ఒడ్డు. అది ఎవరో ఊహించి గీసిన బొమ్మ కాదు. అండమాన్‌లోని నార్త్ బే. పోర్ట్‌బ్లెయిర్ ఎదురుగా ఉన్న మౌంట్ హారియట్ కొండ మీంచి చూస్తే కనిపించేది అదే. సంతలో ఉప్పు, చింతపండు కొన్న ప్రతిసారీ ఆ దీవి మన చేతుల్లోంచి వెళ్లింది. ఆ బొమ్మలో చెట్లున్నాయి, నీళ్లున్నాయి. మనిషి మాత్రం లేడు.

ఇప్పుడు మీ ఫోన్‌కి వచ్చే అండమాన్ ప్యాకేజీల ప్రకటనలు చూడండి. వాటిలోనూ అంతే. తెల్లటి ఇసుక, అద్దంలాంటి నీళ్లు, స్పీడ్ బోటు, ఒంటికి లైఫ్ జాకెట్, కళ్లకు మాస్కు, నోట్లో గొట్టం. పొద్దున బోటెక్కితే సాయంత్రానికి పగడాలూ రంగురంగుల చేపలూ చూసి వచ్చేయొచ్చు. ఎవరి చెయ్యీ పడని దీవులట, ఎవరూ పాడుచెయ్యని ప్రకృతట. ఉద్యోగాలొచ్చిన మన పిల్లలు కూడా ఎల్‌టీసీ మీద వెళ్తున్నారు, కొత్తగా పెళ్లయినవాళ్లు వెళ్తున్నారు, రీల్స్ పెడుతున్నారు.

వెళ్లొద్దని చెప్పడానికి ఇది రాయట్లేదు. కొండల్లో పుట్టినవాళ్లు సముద్రం అడుగు చూడాలనుకోవడంలో తప్పేముంది? చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఆ దీవులు ఖాళీగా లేవు. వాటిని ఖాళీ చేశారు. ఖాళీ చేసిన చోటికే ఇవాళ టికెట్ అమ్ముతున్నారు. ఆ టికెట్ వెనకున్న ఆలోచనే ఇప్పుడు మన ఏజెన్సీ గుమ్మం దగ్గరికి కూడా వచ్చి నిలబడింది.

నమ్మకం కుదరకపోతే రండి, ఆ ఒక్కరోజు ట్రిప్పులో ఆగే ఒక్కో చోటా దిగి చూద్దాం.

బోటెక్కే చోటు

రాస్ దీవికీ, నార్త్ బేకీ బోట్లు పోర్ట్‌బ్లెయిర్‌లో అబెర్డీన్ దగ్గరున్న వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ నుంచి బయల్దేరతాయి. టికెట్ కోసం జనం నిలబడే ఆ ఆవరణలోనే ఒక స్మారకం ఉంది. దాని ముందు ఆగేవాళ్లు తక్కువ. అది 1859 మేలో జరిగిన అబెర్డీన్ యుద్ధానికి కట్టింది.

బ్రిటిష్‌వాళ్లు 1858లో అక్కడ ఖైదీల వలస పెట్టారు. అడవి నరకడం మొదలెట్టారు. గ్రేట్ అండమానీస్ తెగలవాళ్లు ఏడాదిపాటు చూశారు, అక్కడక్కడా ఎదిరించారు. చివరికి విల్లంబులు పట్టుకుని ఆ వలస మీదికే దండెత్తారు. వాళ్ల పథకం ముందే బయటపడిపోయింది. దూధ్‌నాథ్ తివారీ అనే ఖైదీ ఆ వలస నుంచి పారిపోయి, అడవిలో వాళ్ల దగ్గరే తలదాచుకుని ఏడాది బతికాడు. వాళ్ల తిండి తిన్నాడు, వాళ్ల ఆడపిల్లనే పెళ్లాడాడు. దాడి సంగతి తెలియగానే పోయి తెల్లవాళ్లకు చెప్పేశాడు. వాళ్లు తుపాకులతో కాచుక్కూర్చున్నారు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. ఆదివాసులకు చావు దొరికింది.

1857 గురించి బళ్లో అందరం చదివాం. రెండేళ్ల తర్వాత, తమ నేల కోసం, తమ సముద్రం కోసం విల్లెత్తినవాళ్ల గురించి ఎవరు చెప్పారు మనకి?

మొదటి దీవి

అక్కణ్నుంచి బోటులో కాసేపటికే రాస్ దీవి. పాడుబడ్డ చర్చి, గోడల్ని చుట్టేసిన ఊడలు, జింకలు, నెమళ్లు. ఫొటోలకు బాగుంటుంది. ఒకప్పుడు బ్రిటిష్‌వాళ్ల ప్రధాన కేంద్రం అదే.

1863లో అదే దీవి మీద ‘అండమాన్ హోమ్’ అని ఒకటి పెట్టారు. ఆదివాసులను తీసుకొచ్చి ‘నాగరికత’ నేర్పే ఇల్లట అది. బట్టలు కట్టించారు, ఇంగ్లీషు మాటలు నేర్పారు, పని చేయించారు, పొగాకు అలవాటు చేశారు. ఈ హోమ్‌లలోంచి జబ్బులు అడవిలోకి పాకాయి. సిఫిలిస్ వచ్చింది. 1877లో తట్టు వచ్చి ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. తుపాకీ చెయ్యలేని పనిని ‘మీ మంచికే’ అన్న మాట చేసింది.

ఆశ్రమ పాఠశాలల్లో పిల్లల జ్వరాల చావుల వార్తలు చదివే మనకు ఈ కథ కొత్తగా అనిపించదు.

స్నార్కెలింగ్ చేసే చోటు

నార్త్ బే సరిపోక చాలామంది హావ్‌లాక్ దాకా వెళ్తారు. అక్కడి జెట్టీ నుంచి స్పీడ్ బోటులో ఎలిఫెంట్ బీచ్ ఇరవై నిమిషాల దూరం. ఈత రానివాళ్లను కూడా రబ్బరు చక్రం పట్టించి, గైడ్ ముందుండి లాక్కెళ్తాడు. కింద పగడాలు, వాటి మధ్య చిలుక చేపలు.

ఆ బీచ్ పేరు చూడండి. ఏనుగు ఆ దీవుల జంతువు కాదు. అండమాన్ అడవులు నరికి, దుంగలు లాగించడానికి బయటి నుంచి తెచ్చిన జంతువు.

మీరు తేలే ఆ నీళ్లు ఎవరివో తెలుసా? హావ్‌లాక్, నీల్ దీవులున్న ఆ గుంపునంతా రిచీ దీవులంటారు. అది అకర్-బాలే అనే తెగ నేల. గ్రేట్ అండమానీస్ పది తెగల్లో ఒకటి. ఆ పగడాల మధ్యే వాళ్లు చేపను బాణంతో కొట్టారు, తాబేలును ఈటెతో పట్టారు, గవ్వలూ ఆల్చిప్పలూ ఏరుకున్నారు. మనకు పోడు ఎలాగో వాళ్లకు ఆ తీరం అలాగ. ఇవాళ అకర్-బాలే మనిషి ఒక్కడు లేడు. ఆ భాష మాట్లాడే నోరు ఒక్కటి లేదు. పోర్ట్‌బ్లెయిర్ చుట్టూ ఉన్న అకా-బియా తెగ గతీ ఇంతే.

లెక్కలు చూస్కోండి. బ్రిటిష్‌వాళ్లు వచ్చేనాటికి ఆ పది తెగలూ కలిపి ఐదు వేల పైచిలుకు ఉండేవారని అంచనా. 1901 జనగణనలో 625 మంది. 1931లో 90. 1961లో 19. పందొమ్మిది! తర్వాత మిగిలినవాళ్లను స్ట్రెయిట్ దీవికి చేర్చారు. ఇప్పుడు యాభై మందికి అటూ ఇటూ. బో భాష మాట్లాడిన ఆఖరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో కన్నుమూసింది. తన భాషలో తనతో మాట్లాడేవాళ్లు లేకుండానే ఏళ్ల తరబడి బతికిందా ముసలమ్మ.

నీళ్ల కింద ప్రశాంతంగా ఉంటుందని అంటారు వెళ్లొచ్చినవాళ్లు. నీళ్ల పైనున్న ఆ నిశ్శబ్దం ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి కదా?

పేర్లు మార్చారు, ఎవర్నడిగి?

హావ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ జనరల్స్. నీల్ అయితే అలహాబాద్ ప్రాంతంలో జనాన్ని చెట్లకు ఉరితీయించినవాడు. ఆ పేర్లు పోవాల్సిందే. 2018 డిసెంబర్ 30న రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది. మౌంట్ హారియట్ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. 2023 జనవరిలో 21 దీవులకు పరమవీర చక్ర వీరుల పేర్లు పెట్టారు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది.

నేతాజీ మీదా సైనికుల మీదా మనకు గౌరవమే. కానీ ఈ జాబితాలో అండమాన్ ఆదివాసుల పేరు ఒక్కటీ లేదు, గమనించారా? తెల్లవాడి పేరు కొట్టేసినప్పుడు దాని కింద ఇంకో పేరు ఉండి ఉంటుందని ఎవరికీ తట్టలేదు. వేల ఏళ్లుగా అక్కడ మనుషులుంటే ఆ దీవికి పేరుండదా, ఆ కొండకు పేరుండదా?

మన దగ్గర కూడా వాగుకో పేరు, గుట్టకో పేరు, రాయికో పేరు ఉంటుంది. ఇప్పుడు వాటి పక్కన వ్యూ పాయింట్ అని బోర్డులు వెలుస్తున్నాయి. కొన్నాళ్లకు ఆ బోర్డే పేరైపోతుంది.

మనకూ ఆ దీవులకూ చుట్టరికం

ఇదంతా ఎక్కడో సముద్రం అవతలి గొడవ అనుకోవద్దు. 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడ్డ మనవాళ్లను అండమాన్ జైలుకు పంపారు. సెల్యులార్ జైలు చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లలో ఎంతమంది రంప ఖైదీల గురించి అడుగుతారు?

ఇంకో చుట్టరికం ఉంది, అది చేదుగా ఉంటుంది. 1918 నుంచి ఛోటానాగ్‌పూర్‌లోని ఉరావ్, ముండా, ఖడియా ఆదివాసులను కూలీలుగా పట్టుకెళ్లి అండమాన్ అడవులు నరికించారు. అక్కడ వాళ్లను ‘రాంచీలు’ అంటారు. ఒక ఆదివాసీ చేతికి గొడ్డలిచ్చి ఇంకో ఆదివాసీ అడవిని కొట్టించారు. అడవి పోయింది, కొట్టినవాళ్లకూ ఏమీ మిగల్లేదు. సొంత రాష్ట్రంలో ఎస్టీలైన వాళ్లకు ఆ దీవుల్లో ఎస్టీ గుర్తింపే లేదు. తరతరాలుగా అడుగుతూనే ఉన్నారు. ఈ ముక్క మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. రేపు మన కొండ మీద రిసార్ట్ కట్టడానికి వచ్చేవాడు చెట్టు కొట్టే కూలి మనకే ఇస్తాడు.

మనుషులే ‘స్పాట్’ అయితే

అండమాన్ ప్యాకేజీల్లో బారాటాంగ్ అని ఒక రోజు ఉంటుంది. చీకటితోనే కారెక్కించి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర కాన్వాయ్‌లో నిలబెడతారు. అక్కణ్నుంచి రోడ్డు జారవాల రిజర్వు గుండా పోతుంది. అది దాటాక మడ అడవుల మధ్య స్పీడ్ బోటు, సున్నపురాయి గుహలు. గుహల పేరు చెప్పి అమ్మినా, చాలామంది కళ్లు వెతికేది రోడ్డు పక్కన జారవాలు కనిపిస్తారా అని.

ఆ రిజర్వులో ఆ రోడ్డును మూసేయాలని సుప్రీంకోర్టు 2002 మేలోనే ఆదేశించింది. ఇరవై ఏళ్లు దాటింది, కాన్వాయ్‌లు నడుస్తూనే ఉన్నాయి. 2012 జనవరిలో ఒక వీడియో బయటికొచ్చి ప్రపంచమంతా ఛీ కొట్టింది. టూరిస్టుల కోసం జారవా ఆడపిల్లల చేత డ్యాన్స్ చేయించిన వీడియో అది.

మనకు కోపం వచ్చింది కదా? మరి ఇది చెప్పండి. తిండి చూపించి ఆడమనడానికీ, రిసార్ట్ లాన్‌లో మన అక్కచెల్లెళ్లను వరసగా నిలబెట్టి, మందు గ్లాసుల ముందు థింసా ఆడించి చేతిలో ఇంత పెట్టడానికీ మధ్య ఎంత దూరం ఉంది? థింసా మన పండగది, మన పెళ్లిది. ఎవరి ముందు, ఎప్పుడు, ఎంతకి ఆడాలో ఆడేవాళ్లు చెప్పాలి. మేనేజర్ చెప్పకూడదు.

పగడం ముట్టుకోవద్దు, పెకలించొచ్చట

స్నార్కెలింగ్‌కి దిగేముందు గైడ్ ఒక మాట గట్టిగా చెప్తాడు. పగడం మీద కాలు పెట్టొద్దు, ముక్క విరచొద్దు. మంచి మాట. పగడం రాయి కాదు, బతికున్న జీవుల గూడు. వేళ్లంత ఎదగడానికి ఏళ్లు పడుతుంది. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దఎత్తున తెల్లబడ్డాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చిన్న ముక్క జేబులో వేసుకొచ్చినా నేరమే.

ఇప్పుడు అదే దీవుల దక్షిణపు కొసకు రండి. గ్రేట్ నికోబార్. అక్కడ గలాథియా బేలో పెద్ద ఓడరేవు, ఎయిర్‌పోర్టు, కరెంటు ప్లాంటు, టౌన్‌షిప్ కడతారట. దాంట్లో టూరిజం కూడా ఒక భాగం. మొత్తం 166 చదరపు కిలోమీటర్లు. అందులో 130 చదరపు కిలోమీటర్లు అడవి. 9.64 లక్షల చెట్లు పోవచ్చని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. ఆ బే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే చోటు. దాని అభయారణ్యం హోదాను 2021లో తీసేశారు. అక్కడున్న 20,668 పగడపు గూళ్లలో 16,150ని పెకలించి వేరేచోట నాటుతారట! టూరిస్టు వేలు తగిలితే నేరం, ప్రభుత్వం బోటేసుకొచ్చి పెకలిస్తే అభివృద్ధి.

అక్కడ షోంపెన్‌లున్నారు, రెండు మూడు వందల మంది. నికోబారీలున్నారు. 2004 సునామీలో ఊళ్లు పోయి, తాత్కాలికమని చెప్పి క్యాంప్‌బెల్ బే దగ్గరికి తరలిస్తే, సొంత ఊళ్లకు పంపమని నేటికీ అడుగుతున్నారు. వాళ్ల ట్రైబల్ కౌన్సిల్ చేత 2022 ఆగస్టులో అభ్యంతరం లేదని సంతకం పెట్టించుకున్నారు. అసలు సంగతి తెలిశాక, 2022 నవంబర్‌లో కౌన్సిల్ ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంది. తమ పాత ఊళ్ల భూములు కూడా ప్రాజెక్టులో పోతున్నాయని తమకు చెప్పలేదంది. అయినా పని ఆగలేదు.

గ్రామసభ పేరుతో ఖాళీ కాగితం మీద సంతకాలు పెట్టించుకోవడం మనం చూడని విద్యా?

ఇక మన గుమ్మంలోకి

2025 జనవరిలో విశాఖలో టూరిజం పెట్టుబడుల సమావేశం జరిగింది. అక్కడ అసెంబ్లీ స్పీకరే ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్న మాట అన్నారు. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్ పాటించి మనం జవాబు చెప్పాం. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చెప్పాల్సొచ్చింది. అది మన బలం. కానీ ఆ మాట ఏ సభలో పుట్టిందో మర్చిపోవద్దు. గనుల సభలో పుట్టలేదు, టూరిజం సభలో పుట్టింది. గనుల కోసం వచ్చేవాడిని మనం దూరం నుంచే గుర్తుపడతాం. 1997లో సమతా తీర్పు తెచ్చుకున్నవాళ్లం మనం. టూరిజం మాత్రం చేతిలో కెమెరాతో, మొహాన నవ్వుతో వస్తుంది.

పాపికొండల బోటు సంగతి చూడండి. పాటలు, భోజనాలు, సెల్ఫీలు. పోలవరం ముంపు కింద లేచిపోతున్న కొండరెడ్ల, కోయల ఊళ్ల మీదుగానే ఆ బోటు పోతుంది. బోటులో వాళ్లకు అవి సీనరీ. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగితే ముందుగా పడవలేసుకుని పరుగెత్తింది ఆ ఒడ్డు జనమే.

‘టూరిజం వస్తే మన పిల్లలకే కదా పని’ అనే మాట మనవాళ్లే అంటున్నారు. ఆ మాటను తోసెయ్యొద్దు. డిగ్రీ చేతిలో పెట్టుకుని ఖాళీగా తిరిగే తమ్ముడి బాధ అది. తమ్ముడూ, నీకు మూడే ప్రశ్నలు. బోటు ఎవరిది? లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది? రేపు ఆపెయ్యాలని ఊరు అనుకుంటే ఆపగలదా? ఈ మూడింటికీ జవాబు ‘మనదే’ అయితే చెయ్యి, ఊరంతా నీ వెనకుంటుంది. కాకపోతే నువ్వు చేసేది నీ కొండ మీద నువ్వే కూలి. బొంగు చికెన్ మన వంట. బొంగు కొట్టేది, నిప్పుల ముందు చెమటోడ్చేది మనవాడు. బిల్లు మీద పేరు మాత్రం మైదానం నుంచి వచ్చి బినామీ పేరుతో స్థలం తీసుకున్నవాడిది.

అయితే ఏం చేద్దాం?

ఒకటి. అండమాన్ వెళ్తే వెళ్లండి. బారాటాంగ్ రోజు మాత్రం ప్యాకేజీలోంచి తీసెయ్యమనండి. జారవాల ఇంటి మధ్యలోంచి మన సరదా నడవక్కర్లేదు.

రెండు. బోటెక్కే ముందు అబెర్డీన్ స్మారకం దగ్గర ఐదు నిమిషాలు ఆగండి. చేపల రీల్‌తో పాటు ఆ కథ కూడా రీల్ చెయ్యండి. అకర్-బాలే అనే పేరు మన నోట పలికితే అదీ ఒక పనే.

మూడు. గ్రేట్ నికోబార్ ట్రైబల్ కౌన్సిల్ ‘వద్దు’ అన్న మాటను మన సంఘాల మీటింగుల్లో చదివి, మద్దతుగా తీర్మానం చెయ్యండి. వాళ్లు కొద్దిమందే ఉన్నారు. మనం లక్షల్లో ఉన్నాం.

నాలుగు. మన పంచాయతీలో రిసార్ట్, జిప్‌లైన్, బోటింగ్, టెంట్లు ఏది వచ్చినా పీసా గ్రామసభ తీర్మానం కాపీ చూపించమని అడగండి. లేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. స్థలం ఎవరి పేరు మీద ఉందో తవ్వండి. బినామీ అని తేలితే 1/70 కింద ఫిర్యాదు చెయ్యండి.

ఐదు. టూరిజం చెయ్యాలనుకుంటే ఊరి సంఘంగా చెయ్యండి. రోజుకు ఎంతమంది రావాలి, ఏ గుట్ట ఎక్కకూడదు, ఏ వాగులో దిగకూడదు, ఏ పండక్కి కెమెరా తేకూడదు అన్నది ఊరు తేల్చాలి. ఆ నియమాలు ఊరి పొలిమేరలో మన భాషలో రాసి పెట్టండి. మన గుట్టకు మన పేరే రాయండి.

ఆనాటి అండమాన్ ఆదివాసులకు విల్లంబులు తప్ప ఏమీ లేవు. చట్టం లేదు, కోర్టు లేదు, వాళ్ల గోడు మోసుకెళ్లే ఫోన్ లేదు. మనకు ఐదో షెడ్యూలుంది, 1/70 ఉంది, పీసా ఉంది, అటవీ హక్కుల చట్టం ఉంది, ఒక్క పిలుపుతో మన్యం మొత్తాన్ని ఆపగలిగే జనం ఉన్నారు. ఇన్ని ఉండీ మన కొండలు రేపు ఎవరి ప్రకటనలోనో మనుషుల్లేని బొమ్మగా మారితే ఆ తప్పు ఇంకెవరి మీదా వెయ్యలేం.

అబెర్డీన్ అమరులకు జోహార్!
గ్రేట్ నికోబార్ ఆదివాసుల పోరాటానికి జోహార్!
1/70 జోలికొస్తే ఊరుకోం!